మా ఇల్లు ఏ గీత లోపల?

2024 సెప్టెంబరు 26, గురువారం. పదకొండు దాటింది. చీరకు ఫాల్ కుడుతున్నాను. వీధి చివర గోల వినిపించి మిషన్ ఆపాను.

నలుగురైదుగురు ఉద్యోగులు, వెనక పోలీసులు. ఒకాయన చేతిలో ట్యాబు. మా గేటు ముందు నిలబడి ఫొటో తీశాడు. "ఇంటి యజమాని పేరేందమ్మా?" అని అడిగాడు. చెప్పాను. అడగకముందే ఆధార్ కార్డు తెస్తానని లోపలికి తిరిగాను కూడా. పక్కింటి అన్న గట్టిగా "ఆగు చెల్లె!" అన్నాడు. "ఎందుకు రాస్కుంటున్నరు సార్? ఆర్డరేదన్నా ఉంటే సూపియ్యుండ్రి" అని వాళ్లను అడిగాడు. వాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు. "మామూలు సర్వేనే" అన్నారు. అప్పటికి వీధంతా బయటికొచ్చింది. వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది.

సాయంత్రం టీవీ పెట్టాను. మూసీ నది ప్రాజెక్టు కోసం సర్వే అట. చాదర్‌ఘాట్ దగ్గరి శంకర్‌నగర్, మూసానగర్ ఇళ్ల మీద ఎర్ర పెయింటుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాస్తున్నారు. ఆర్‌బీ అంటే రివర్ బెడ్ అట, అంటే నది గర్భం. మా గోడ మీద అట్లాంటిదేమీ రాయలేదు. కానీ మా ఆయన పేరు ఆ ట్యాబులోకి ఎక్కింది. ఆ పేరు ఎదురుగా ఏం రాసుకున్నారో తెలియదు. దాన్ని తెలుసుకోవడానికే ఆ తర్వాత ఏడాదంతా తిరిగాను.

మాది హైదరాబాదులో చైతన్యపురి. మెట్రో స్టేషన్ దిగి మెయిన్ రోడ్డు వదిలి మూసీ వైపు దిగితే వచ్చే కాలనీల్లో ఒకటి. నల్గొండ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు విజయవాడ రోడ్డు బస్సు ఎక్కి దిగేది ఈ దిల్‌సుఖ్‌నగర్ దగ్గరే. మేమూ అట్లే దిగాం. 1997లో నూట యాభై గజాల ప్లాటు కొన్నాం. నా పుస్తెలతాడు తాకట్టు పెట్టి పునాది తీశాం. రిజిస్ట్రేషన్ అయింది. మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చింది. ఆ మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. అప్పటి నుంచి పన్ను అక్కడే కడుతున్నాం. కరెంటు, నల్లా, అన్నిటికీ బిల్లులున్నాయి. ఇన్ని ఉంటే ఇల్లు మనదే అనుకుంటాం కదా.

ఆ రాత్రి బీరువా తెరిచి కాగితాలన్నీ నేల మీద పరిచాను. ఒక లింకు డాక్యుమెంటు కనబడలేదు. చేతులు వణికాయి. రెండు గంటల దాకా వెతికాను. చివరికి పెళ్లినాటి పట్టుచీర కవర్లో దొరికింది. ఎప్పుడో నేనే భద్రంగా ఉండాలని అందులో పెట్టి మరచిపోయాను. అప్పుడు ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏడ్చాను, ఎందుకంటే మా ఆయన పక్క గదిలో పడుకున్నాడు. ఆయనకు 2022లో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి సరిగ్గా పనిచేయదు. అంతకు ముందు ఈ కాగితాల పనులన్నీ ఆయనవే. బీపీ పెరుగుతుందని ఆయనకు ఏమీ చెప్పలేదు. కేబుల్ వైరు పీకి టీవీ పాడైందన్నాను. నాలుగో రోజు ఆయనే అన్నాడు, "వైరు పెట్టు. పేపర్ల చదివిన." ఆ నాలుగు రోజులూ ఆయన కూడా నా దగ్గర దాచాడన్నమాట.

పై పోర్షన్‌లో ముగ్గురు కోచింగ్ పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లలో ఇద్దరు ఆ వారంలోనే ఖాళీ చేశారు. ఒకమ్మాయి నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి "మీ ఇల్లు కూలగొడ్తరట గదమ్మా, మా బిడ్డ ఉండంగనే వస్తే ఎట్ల?" అన్నాడు. ఆయన తప్పు లేదు. అడ్వాన్సు తిరిగి ఇచ్చాను. మూడో అమ్మాయి మాత్రం ఉండిపోయింది. ఆమె గురించి మళ్లీ చెప్తాను.

అక్టోబరు 1, మంగళవారం. శంకర్‌నగర్, మూసానగర్‌లలో ఖాళీ చేయించిన ఇళ్లను కూల్చడం మొదలైంది. ఆ గల్లీల్లో మెషిన్లు పట్టవు. కూలీలను పెట్టి సుత్తులతో కొట్టించారు. మా ఇంట్లో గిన్నెలు కడిగే అమ్మ ఉండేది అక్కడే. ఎనిమిదేళ్లుగా మా ఇంటికి వస్తోంది. వాళ్లకు మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గర డబుల్ బెడ్రూం ఇల్లు ఇచ్చారు. సామాను ట్రాలీ ఆటోలో పోయింది. నాలుగో రోజు పనికి వచ్చింది. అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. టీవీలో ఆ గోడలు పడుతుంటే నేను చూసుకున్నది ఒక్కటే, అవి మా గోడల్లాగా ఉన్నాయా లేవా అని. "వాళ్లవి గుడిసెలు, మాది రిజిస్ట్రేషన్ ఇల్లు" అని మా ఆయనతో అన్నాను కూడా. ఆయన ఏమీ మాట్లాడలేదు.

కూల్చడం మొదలైన మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ ఏడు తొమ్మిది రోజులూ మా వీధి ఆడవాళ్లం బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మాట్లాడుకున్నది వకీలు ఫీజు గురించే.

ఇంటికి మూడు వేలు వేసుకున్నాం. చుట్టుపక్కల కాలనీల వాళ్లు అప్పటికే హైకోర్టుకు పోయారు. మేమూ పోయాం. దసరా తర్వాత స్టే వచ్చింది. ఈ ఇంటిపై హైకోర్టు స్టే ఉన్నదని ఫ్లెక్సీలు కొట్టించి గేట్లకు కట్టుకున్నాం. ఫణిగిరి కాలనీ, సత్యానగర్, కొత్తపేట వైపు చాలా గేట్లకు అట్లాంటివే వేలాడాయి. దసరా దండ వాడకముందే గుమ్మానికి కోర్టు బోర్డు కట్టుకున్నాం. మా వకీలమ్మ దగ్గరి జూనియర్ పిల్ల ముప్పై ఏళ్లు కూడా ఉండదు. జిరాక్సులు సరిగ్గా లేవని ఎవరి మీదా కసురుకోలేదు. పన్నెండు ఇళ్ల కాగితాలు తన స్కూటీ మీద తీసుకుపోయింది, తీసుకొచ్చింది. ఆమె రుణం నాకు గుర్తుంది.

స్టే వచ్చిన రాత్రి బాగా నిద్రపోయాను. మూడు రోజులకు మళ్లీ నిద్ర దూరమైంది.

అక్టోబరు 17న ముఖ్యమంత్రి మూసీ మీద ప్రెస్‌మీట్ పెట్టారు. ఇది సుందరీకరణ కాదు, పునరుజ్జీవనం అన్నారు. ప్రణాళిక తయారు చేసే పనిని 141 కోట్లకు కన్సల్టెన్సీ సంస్థలకు ఇచ్చామని చెప్పారు. మొత్తం విన్నాను. నాకు ఒక్కటి అర్థం కాలేదు. ప్లాను ఇంకా తయారు కావాలి. మరి మా ఇళ్లను ట్యాబులోకి ఎక్కించడానికి నది హద్దు గీత ఎక్కడిది?

అదే మాట మా వీధి చివరి సార్‌ను అడిగాను. రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ఆయన నవ్వి, "అది నన్ను కాదమ్మా అడగాల్సింది. పది రూపాయలు పెట్టి ఆళ్లనే అడుగు" అన్నారు. సమాచార హక్కు దరఖాస్తు గురించి నాకు అంతకు ముందు పేరు తప్ప ఏమీ తెలియదు. నేను పదో తరగతి వరకు చదివాను.

ఇంటికొచ్చి రెండు పేజీలు రాశాను. మా కష్టం ఎంతదో రాశాను. ఇన్నేళ్లు పన్ను తీసుకుని ఇప్పుడెందుకిట్లా చేస్తున్నారని రాశాను. సార్ ఎర్ర పెన్నుతో దాదాపు అంతా కొట్టేశారు. మనసుకు కష్టమైంది. "'ఎందుకు' అని అడగొద్దమ్మా. దానికి జవాబు ఇయ్యనక్కర లేదు ఆళ్లు. 'ఏ కాగితం మీద' అని అడుగు. కాగితం ఉంటే ఇయ్యాలె, లేకుంటే లేదని రాసియ్యాలె" అన్నారు. ఇది చదివే మీకు రేపు అట్లాంటి అవసరం వస్తే ఈ మాట గుర్తు పెట్టుకోండి. నాకు దీనివల్ల ఎన్నో నెలలు కలిసొచ్చాయి.

చివరికి నాలుగు ప్రశ్నలు మిగిలాయి. మా వీధి దగ్గర నది హద్దు చూపే మ్యాపు నకలు. 2012 నాటి జీవో 168 ప్రకారం నగరంలో నది హద్దు నుంచి యాభై మీటర్ల లోపు కట్టడానికి వీల్లేదు కాబట్టి, ఆ యాభై మీటర్లు ఎక్కడి నుంచి కొలిచారో ఆ రికార్డు. సెప్టెంబరు 26న మా వీధిలో సర్వేకు ఇచ్చిన ఆదేశం. ఆ సర్వేలో మా ఇంటికి రాసుకున్న వివరాలు. కింద సార్ ఒక వాక్యం చేర్చారు. 2005 సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం ప్రజల మీద పడే ముఖ్యమైన నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధించిన వాస్తవాలు అడగకుండానే ప్రచురించాలని. అది చదివి నేను, "అయితే మనం అడగాల్సిన పనే లేదు గదా సార్?" అన్నాను. "అవునమ్మా" అని పెన్ను మూత పెట్టారు.

పై పోర్షన్‌లో ఉండిపోయిన అమ్మాయి ఆ నాలుగు ప్రశ్నలూ ఫోన్‌లో తెలుగులో టైపు చేసి పెట్టింది. ఆమెకు ఆ వారం గ్రూప్స్ మాక్ టెస్టు ఉంది. అయినా రాత్రి పదకొండింటి దాకా కూర్చుంది. మెట్రో మెట్ల కింద జిరాక్సు షాపు పిల్లాడు ప్రింటు తీసి డబ్బులు తీసుకోలేదు. "మా అమ్మమ్మది గూడ మూసీ ఒడ్డేనాంటీ" అన్నాడు.

గిన్నెలు కడిగే అమ్మ ఆ కాగితం చూసి, "అక్కా, మాకు ఇల్లిచ్చిండ్రు గని పేరు మీద పట్టా ఇస్తరా లేదా? అది గూడ అడుగు" అంది. సరే అన్నాను. అడగలేదు. మా దరఖాస్తు పాడవుతుందేమో అనుకున్నాను.

అక్టోబరు 21న రిజిస్టర్డ్ పోస్టు చేశాను. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ పోయాను.

ఈ మధ్యలో నవంబరు 8న ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. మా పుట్టిల్లు ఆ వైపే. ఆ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "నీళ్లు బాగు చేస్తమన్నరే. మీరెందుకక్కా అడ్డం పడ్తున్నరు?" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ నీళ్లు ఏమిటో నాకు తెలుసు. హైదరాబాదు మురుగంతా మా ఊరి పొలాల్లోకి వస్తుంది. మా అమ్మ నాట్లు వేసి వచ్చాక కాళ్లకు కొబ్బరినూనె రాసుకునేది. వేళ్ల మధ్య తెల్లగా పాసిపోయేవి. కాలవ మీద నురగ సబ్బు నురగలాగా తేలేది. చిన్నప్పుడు దాంతో ఆడుకున్నాం. మూసీ బాగుపడొద్దని నేను ఎట్లా అంటాను? తమ్ముడితో, "నేను అడ్డం పడ్తలేను. మా ఇల్లు ఎక్కడుందో అడుగుతున్న అంతే" అన్నాను. వాడు నమ్మినట్టు లేడు. ఆ తర్వాత రెండు నెలలు మా మధ్య మాటలు తగ్గాయి. సంక్రాంతికి పోలేదు.

ముప్పై నాలుగో రోజున జవాబు వచ్చింది. మూడే లైన్లు. ఈ సమాచారం తమ కార్యాలయానికి సంబంధించినది కాదు, ఫలానా కార్యాలయానికి బదిలీ చేశాం అని. బదిలీ చేయాలంటే అయిదు రోజుల్లో చేయాలని చట్టంలో ఉందట. డిసెంబరులో రెండో కార్యాలయం నుంచి ఇంకో కాగితం వచ్చింది. ప్రాజెక్టు నివేదిక తయారీలో ఉన్నది కావున ఇవ్వలేము అని. నేను నివేదిక అడగనే లేదు. కానీ ఆ కాగితం చూసి భయపడి, ఇంక వదిలేద్దామనుకున్నాను. ఆ నెలలో హైకోర్టు తీర్పు గురించి పేపర్లో చదివినదే నన్ను నిలబెట్టింది. మూసీ కేసుల్లో నవంబరులో ఇచ్చిన తీర్పు అది. ఆక్రమణలు తీయమంటూనే, పట్టా భూములైతే నోటీసు ఇచ్చి 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలంది. అంటే మాది పట్టానా, నది గర్భమా అన్నది తేలాలి. అది తేలాలంటే గీత కావాలి.

మొదటి అప్పీలు వేశాం. 2025 జనవరి ఆఖర్లో పిలిచారు. సార్ వెంట వస్తానన్నారు గానీ ఆ రోజు ఆయనకు జ్వరం. ఒక్కదాన్నే పోయాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి పిలిచాక గొంతు పెగల్లేదు. రాసుకుపోయిన కాగితం చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడ్చేశాను. అంతమంది మగవాళ్ల ముందు ఏడవకూడదని బస్సులో అనుకుంటూనే పోయాను. అక్కడి పెద్దాఫీసరు నీళ్లిప్పించి, నకలు ఇవ్వడం కుదరదు గానీ మ్యాపు చూసుకోవచ్చు అన్నారు. రికార్డు చూడటం కూడా హక్కే, మొదటి గంటకు ఫీజు ఉండదని సార్ ముందే చెప్పి పెట్టారు.

ఇంకో గదిలో బల్ల మీద పరిచారు. పెద్ద షీటు. నీలం గీత ఒకటి, ఎర్ర గీత ఒకటి. సర్వే నంబర్లున్నాయి, ఇళ్ల నంబర్లు లేవు. మా వీధి కనుక్కోవడానికే చాలాసేపు పట్టింది. కోసగుండ్ల నరసింహస్వామి గుట్టను గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి వేలితో జరుపుకుంటూ వచ్చాను. విష్ణుకుండినుల కాలం నాటి శాసనం ఉన్న గుట్ట అది. పదిహేను వందల ఏళ్ల కిందటి రాత ఇంకా అక్కడే ఉంది. మా వీధికి వచ్చేసరికి ఎర్ర గీత సరిగ్గా ఇళ్ల మీది నుంచి పోతోంది.

నా సంచిలో టేపు ఉంది. జాకెట్ల కొలతలు తీసే టేపు, ఎప్పుడూ ఉంటుంది. తీసి షీటు మీద పెట్టాను. అక్కడి గుమస్తా "ఏం చేస్తున్నవమ్మా?" అన్నాడు. కొలుస్తున్న అన్నాను. మళ్లీ ఏమీ అనలేదు. కింద స్కేలు రాసి ఉంది, అదీ కాగితం మీద ఎక్కించుకున్నాను. సాయంత్రం సార్ మంచం మీదే దుప్పటి కప్పుకుని లెక్క వేశారు. ఆ స్కేలు ప్రకారం ఒక మిల్లీమీటరు అంటే నేల మీద అయిదు మీటర్లు. ఎర్ర గీత లావే మిల్లీమీటరున్నర దాకా ఉంది. అంటే ఏడు మీటర్లకు పైనే. మా ఇంటి వెడల్పు ఎనిమిది మీటర్లు.

మా ఇల్లు గీతకు ఈవల లేదు, ఆవల లేదు. గీత కిందనే ఉంది.

మార్చిలో రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు పంపాను. 2023 ఫిబ్రవరి నుంచి అక్కడ కమిషనర్లే లేరని కవరు అంటించేటప్పుడు సార్ చెప్పారు. మేలో కొత్తవాళ్లను నియమించారు. అప్పటికి పేరుకుపోయిన వేల కేసుల వెనక నాది ఉంది. ఆ నెలలోనే ఇంకో దరఖాస్తు పెట్టాను. గిన్నెలు కడిగే అమ్మ ప్రశ్న అది. డబుల్ బెడ్రూం ఇళ్లకు ఇచ్చిన కాగితం హక్కు పత్రమా, ఉండటానికి అనుమతి పత్రమా అని. ఆరు నెలలు దాటాక. సంతకం ఆమె చేతే పెట్టించాను. అప్పుడు అడగలేదని ఆమెతో చెప్పాను. "నాకెర్కనేలే అక్కా" అంది.

2025 సెప్టెంబరు 26. ట్యాబుతో వచ్చినవాళ్లకు సరిగ్గా ఏడాది. పొద్దుటి నుంచి వాన. ఎగువన ఉన్న జంట జలాశయాల గేట్లెత్తారు. రాత్రికి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి, మూసారాంబాగ్ వంతెన మూసేశారు. చాదర్‌ఘాట్ వైపు జనాన్ని ఖాళీ చేయిస్తున్నారని ఫోన్లో చూస్తున్నాను. మాకు నది కనబడదు. శబ్దం వినిపిస్తుంది. రోజూ వినిపించేది కాదది.

పక్కింటి అన్న, ఆయన కొడుకు కలిసి మా ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎక్కించారు. ఆ కుర్చీ కాలు మెట్టుకు తగిలి ఒరిగినప్పుడు మా ఆయన పెట్టిన కేక ఇంకా చెవిలో ఉంది. నేను వెనక నుంచి మందుల డబ్బా, కాగితాల సంచి పట్టుకుని ఎక్కాను. కాగితాలు ముందు తీసుకున్నాను, మందులు తర్వాత గుర్తొచ్చాయి. అదీ నిజమే.

ఆ రాత్రి మేడ మీద నాకు ఒక ఆలోచన వచ్చింది. వాళ్లు చెప్పిందే నిజమేమో, ఇది నది చోటేనేమో అని. ఇన్నాళ్లు స్టే బోర్డు కట్టుకుని ఎవరితో కొట్లాడుతున్నానో తెలియలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయన మెలకువగానే ఉన్నాడు. "1997ల మనకు చెప్పి ఉంటే కొనకపోదుము" అన్నాడు. అంతే అన్నాడు.

నాలుగింటికి తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, నీళ్లొచ్చినయా? మేం బయల్దేరి రావాల్నా?" అన్నాడు. వద్దన్నాను. పొద్దున్నకల్లా ఆ నీళ్లు వాడి దగ్గరికే పోతాయి.

తెల్లారింది. మా వీధిలోకి నీళ్లు రాలేదు. రెండు వీధుల అవతల కరెంటు స్తంభానికి బురద చార పడి ఉంది, పిక్కల ఎత్తున. ఇంటికొచ్చి టేపు తీసుకున్నాను. పై పోర్షన్ అమ్మాయి ఒక కొస పట్టుకుంది. అయిదడుగుల టేపు. స్తంభం నుంచి మా కాంపౌండు గోడ దాకా రోడ్డు మీద వంగుతూ లేస్తూ కొలుచుకుంటూ వచ్చాం. దారిలో ముగ్గురు నలుగురు ఆగి చూశారు. ఒకాయన లెక్క తప్పకుండా పైకి లెక్కపెట్టాడు.

నూట ఎనభై అయిదు అడుగులు. తేదీ వేసి ఫైలు మీద రాసుకున్నాను. రెండో అప్పీలుకు ఇంకా పిలుపు రాలేదు.